పేగులు కట్టే మూటలు

గోహుంగ్, అక్టోబరు 14

హేవన్‌కి,

మీ మేనత్త మల్సున్ తన చేత్తో తానే రాస్తున్న ఉత్తరం ఇది. డెబ్బయ్యారేళ్లు వచ్చాక అక్షరాలు నేర్చుకుని రాస్తున్న మొట్టమొదటి ఉత్తరం గనక, తప్పులుంటే కళ్లు మూసుకుని చదువు.

మా ఊరి హాల్లో వారానికి రెండు రోజులు షిన్ టీచరమ్మ వచ్చి పదకొండుమంది ముసలమ్మలకు చదువు చెబుతోంది. ఈసారి ఇంటిపని ఏమిటంటే, దూరాన ఉన్నవాళ్లకు ఉత్తరం రాసి, వచ్చిన జవాబు క్లాసులో అందరి ముందూ చదవాలి. ఫోన్లో మాట్లాడితే చెల్లదట. ఓక్‌బున్ అప్పుడే కోడలికి రాసి జవాబు కూడా తెప్పించేసుకుంది. ఓక్‌బున్ నీకు గుర్తుందిగా, మా గోడ పక్కింటి మనిషి. యాభై ఏళ్లుగా నా ప్రాణస్నేహితురాలు, నా ప్రాణం తోడేసేదీ అదే. ఆ కోడలి ఉత్తరాన్ని అది మూడుసార్లు చదివింది. రెండోసారి ఎవరూ అడగలేదు.

నాకు పిల్లలు లేరు కాబట్టి నీకు రాస్తున్నాను. నువ్వు తేజన్‌లో ఏం ఉద్యోగం చేస్తున్నావో వివరంగా రాయి. నువ్వు డాక్టరువని నేను ఊళ్లో చెప్పాను. మీ నాన్నేమో "అది రోజంతా దొడ్డికెళ్లినదాన్ని చూస్తూ కూర్చుంటుందక్కా" అన్నాడు. వాడికి చిన్నప్పటినుంచీ వెటకారం ఎక్కువ. నిజం నువ్వు చెప్పు. క్లాసులో చదవాలి గనక కాస్త పెద్దమనిషి తరహాలో రాయి.

పెరట్లో యూజా నిమ్మపండ్లు ఇప్పుడిప్పుడే పసుపెక్కుతున్నాయి.

ఇట్లు, నీ క్షేమం కోరే అత్త

*

తేజన్, అక్టోబరు 21

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ల్యాబులో ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నానో అడిగితే చెప్పలేక, ఉల్లిపాయ అన్నాను. మా ల్యాబులో ఉల్లిపాయలుండవు.

నాన్న అన్నది నిజమే, క్షమించండి. నేను చూసేది దొడ్డికెళ్లినదే. కానీ ఎందుకు చూస్తున్నానో చెబుతాను, దయచేసి క్లాసులో ఆ భాగం గట్టిగా చదవండి.

మన ఒంట్లో ప్రతి కణమూ మూటలు కడుతుంది. మీరు గుడ్డ పరిచి, సరుకు మధ్యలో పెట్టి, నాలుగు చెంగులూ ముడేసినట్టే. కంటికి కనబడవు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా చిక్కవు, అంత చిన్నవి. లోపల మాంసకృత్తులు, కబుర్లు, ఒక్కోసారి చెత్త. ఒక కణం మూట కట్టి బయటికి విసిరితే ఇంకో కణం అందుకుని విప్పుతుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా ఇలాంటి మూటలే కడతాయి. వాటిలో కొన్ని పేగు గోడ దాటి, రక్తంలో కలిసి, ఎక్కడో పైనున్న మెదడుదాకా ప్రయాణం చేస్తాయని అనుకుంటున్నారు. మంచి సరుకున్న మూట వెళితే మెదడుకు మేలు. పాడైన సరుకు వెళితే వణుకుడు జబ్బులాంటివి ముదరడానికి కారణమవుతుందేమోనని మా అనుమానం. ఆ మూటలే జబ్బు మోసుకెళుతున్నాయా, లేక జబ్బు వచ్చిందన్న కబురు మాత్రమే మోస్తున్నాయా అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. అది తేల్చడమే నా ఉద్యోగం.

ఇప్పుడు అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతాను. ఇంట్లో పులియబెట్టిన సోయా ముద్ద తిని పెరిగిన డెబ్బై దాటిన వాళ్ల నమూనాలు మాకు కావాలి. మీరు ఒకటి పంపగలరా? నేను మా ప్రొఫెసర్ నమ్‌గుంగ్‌గారితో "మా అత్తయ్య తప్పకుండా ఇస్తారు" అనేశాను. డబ్బా, మంచు పెట్టె, ఒక ఫారం పంపిస్తున్నాను. నవంబరు మొదటి గురువారం కొరియర్ అబ్బాయి వచ్చి పట్టుకెళతాడు.

మీ తలదించుకునే మేనకోడలు,
హేవన్

*

గోహుంగ్, నవంబరు 5

హేవన్‌కి,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. "దొడ్డికెళ్లినది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. టీచరమ్మ "ఆపకండమ్మా, చదవండి" అంది. చదివాను. హాలు దద్దరిల్లిపోయింది. ఓక్‌బున్ కళ్లు తుడుచుకుంటూ "ఒసేయ్ మల్సున్, మీ డాక్టరుగారు మన పెంటకుప్పకి డాక్టరా" అంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పెట్టె వచ్చింది. తిరిగి పట్టుకెళ్లడానికి వచ్చిన కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి "ఏముంది బామ్మా, ఇంత జాగ్రత్తగా కట్టారు" అంటే, ఏం చెప్పను, "సోయా ముద్ద నాయనా" అన్నాను. "అబ్బ, ఈసారి నాకూ కొంచెం ఉంచండి" అన్నాడు. ఆ రాత్రి వాడి ముఖం తల్చుకుని నిద్రపట్టలేదు.

నమూనా పంపాను. సంతకం పెట్టాను, అన్ని ప్రశ్నలకూ జవాబు రాశాను. రోజూ వెళతారా? రోజూ. ఎన్నిగంటలకు? ఆరున్నరకు, రేడియోలో వ్యాయామం అయిపోగానే. వాసనలు తెలుస్తున్నాయా? బ్రహ్మాండంగా.

ఒక్క సంగతి. అంత పెద్ద పెట్టె పంపితే అడుగున బొటనవేలంత డబ్బా ఒక్కటి పెట్టి వెనక్కి పంపడానికి నాకు చేతులు రాలేదు. మన ఇంట్లో ఎవరి గిన్నె వాళ్లకి ఖాళీగా తిరిగి పంపిన చరిత్ర లేదు. అందుకని పైన ఆవాకు ఊరబెట్టిన కిమ్చీ, ఎండు ఆంకోవీ చేపలు, మొన్న ఆడించిన నువ్వుల నూనె సర్దాను. మీ ప్రొఫెసర్‌గారికి నా పేరు చెప్పి పెట్టు.

అత్త

*

తేజన్, నవంబరు 11

అత్తయ్యా,

మీ పెట్టెను ప్రొఫెసర్ నమ్‌గుంగ్‌గారే విప్పారు. మూత తీయగానే కిమ్చీ వాసన కారిడార్ చివరిదాకా వెళ్లింది. నాలుగు ల్యాబులవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత అడుగున డబ్బా కనబడింది. తర్వాత ఆయన ముఖం నేను చూడలేదు, నేల చూస్తున్నాను.

నమూనా పక్కన వచ్చిన తిండి ఏదీ తినకూడదని నియమం. కిమ్చీని సంచిలో కట్టి, ఎర్ర చీటీ అంటించి, ప్రమాదకర వ్యర్థాల్లో పడేశాం. ఆయనది కూడా మీ వైపు ఊరే. చెత్తడబ్బా దగ్గర రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. తర్వాత "మీ అత్తయ్యగారు ఆవాకు ఎన్నాళ్లు ఊరనిచ్చారు?" అని మాత్రం అడిగారు.

నమూనా మాత్రం శుభ్రంగా ఉంది. మీ మూటల లెక్క మొదలుపెట్టాం. వణుకుడు జబ్బు వచ్చిన చాలామందికి, చేతులు వణకడానికి ఏళ్లముందే మలబద్ధకం మొదలవుతుంది. మీకు రోజూ ఆరున్నరకల్లా అయిపోతోందని చదివి నాకు ఎంత నిశ్చింతగా ఉందో.

ఈసారి పెట్టె ఖాళీగానే పంపండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

హేవన్

*

గోహుంగ్, నవంబరు 30

హేవన్‌కి,

నా ఆవాకు కిమ్చీని చెత్తలో పడేశారన్న భాగం క్లాసులో చదవలేదు. అంత అవమానం ఊళ్లోకి రానివ్వను. చాలా మెచ్చుకున్నారని సొంతంగా కల్పించి చదివాను. టీచరమ్మ కాగితంలోకి తొంగి చూసి కూడా ఏమీ అనలేదు. మంచి పిల్ల.

ఊళ్లో కిమ్చీ పెట్టడాలు అయిపోయాయి. నావి నూట ఇరవై క్యాబేజీలు, ఓక్‌బున్‌వి తొంభై. ఈ ఏడు దానికి చేతులు చురుగ్గా ఆడటం లేదు. కారం పూయడానికి ఒక్కో ఆకు దగ్గర గంట. పైగా పొయ్యి మీద పులుసు మాడి కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని పట్టించుకోదు. "ముక్కు ఎక్కడ పెట్టుకున్నావే" అని తిట్టి నేనే దించాను.

అసలు బాధ వేరే ఉంది. జిల్లా ఆఫీసులో మా ముసలమ్మల కవితల ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి ఎవరికి? ఓక్‌బున్‌కి. పోయిన వాళ్లాయన పడవ మీద కవిత రాసింది. నలభై ఏళ్లు ఆ పడవ పక్క రాసి ఉన్న పేరును గుడ్డతో తుడిచేదట, చదవడం రాక. ఇప్పుడు చదివిందట. అంతే, నాలుగు వరుసలు. నాది యూజా చెట్టు మీద, పన్నెండు వరుసలు. నాకు దుప్పటి ఇచ్చారు.

టీచరమ్మ అందరి ముందూ ఏమంది తెలుసా? "ఓక్‌బున్‌గారి చేతిరాత చూడండి, వసంతంలో గడులు దాటిపోయేవి. ఇప్పుడు ఎంత చిన్నగా, పొందిగ్గా రాస్తున్నారో." నిజమే. మొదట్లో దాని అక్షరాలు క్యాబేజీలంత ఉండేవి. నెలనెలా సన్నబడుతూ వచ్చి ఇప్పుడు నువ్వుగింజలంత అయ్యాయి. వాక్యం మొదట్లో ఒక సైజు, చివరికొచ్చేసరికి ఇంకా చిన్న. నేను రాత్రిళ్లు కూర్చుని చిన్నగా రాయడం సాధన చేస్తున్నాను, నావి తగ్గవు. నా ఉత్తరం చూస్తున్నావుగా, ఎంత మొరటుగా ఉందో. ఒళ్లు మండిపోతోంది.

దుప్పటి మాత్రం వెచ్చగానే ఉంది.

అత్త

*

తేజన్, జనవరి 15

అత్తయ్యా,

ఆరు వారాలుగా జవాబు రాయనందుకు క్షమించండి. ఈ ఉత్తరం క్లాసులో చదవకండి. ఒక్కరే ఉన్నప్పుడు, కూర్చుని చదవండి.

మీ నమూనాలోని మూటల లెక్క తేలింది. వణుకుడు జబ్బు ఉన్నవాళ్ల మూటల్లో మేము ఎక్కువగా చూసే ఒక మాంసకృత్తు మీ మూటల్లో కూడా చాలా ఎక్కువగా ఉంది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మూడోసారి ప్రొఫెసర్‌గారే చేశారు.

ఇది జబ్బు ఉన్నట్టు కాదు. మా లెక్క ఇంకా ఎవరూ ఒప్పుకున్న పరీక్ష కాదు, మామూలుగా ఎవరికీ చెప్పం కూడా. ఆయన పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీని అడిగి, "మీ అత్తయ్యగారిని ఒకసారి నరాల డాక్టరుకు చూపించుకోమను, అంతకుమించి ఏమీ అనకు" అన్నారు. నేను అంతకుమించి అంటున్నాను. నాకు భయంగా ఉంది. వచ్చే వారం సెలవు పెట్టి వస్తాను. మీరు ఒక్కరే ఆ ఇంట్లో ఉన్నారన్న ఆలోచనతో అన్నం సయించడం లేదు.

నాన్నకు చెప్పకుండా ఉండలేకపోయాను.

మీ హేవన్

*

గోహుంగ్, జనవరి 24

హేవన్‌కి,

సెలవు పెట్టకు. ముందు ఇది చదువు.

మీ నాన్న శనివారం ఊడిపడ్డాడు. ఆరేళ్లలో కొత్త సంవత్సరానికి కూడా రానివాడు, రెండు కిలోల అబలోన్ గుల్లలు పట్టుకుని వచ్చాడు. మూడు రోజులు వాడే జావ కాచాడు. నేను చెంచా ఎత్తితే నా చెయ్యి చూశాడు. గ్లాసు దించితే చూశాడు. "అక్కా, చిన్నప్పుడు నీ కోడిగుడ్డు నేనే తినేశాను, క్షమించు" అన్నాడు. అరవై ఎనిమిదేళ్లవాడు ముక్కు చీదుకుంటూ కూర్చుంటే ఎలా చెప్పను? జావ కూడా బాగుంది. మూడో రోజు గిన్నె ఖాళీ అయ్యాక చెప్పాను. వాడు లేచి గిన్నె కడిగి బోర్లించాడు. తర్వాత మిగిలిన అబలోన్లు సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

హేవన్, ఆ నమూనా నాది కాదు.

నువ్వు గురువారం అన్నావు. సోమవారం నుంచీ కూర్చున్నాను. రేగుపళ్ల కషాయం తాగాను, ఉడికించిన గెనుసుగడ్డ తిన్నాను, పెరడు చుట్టూ తిరిగాను. నాకు ఇది కొత్తేమీ కాదు, ఐదేసి రోజులు తాళం పడిపోవడం మామూలే. కానీ నువ్వు ప్రొఫెసర్‌గారికి మాటిచ్చావు. మా తమ్ముడి కూతురు మాట పోతే నాకేం ముఖం? బుధవారం సాయంత్రానికీ ఏమీ కాలేదు. ఓక్‌బున్‌కి రోజూ ఆరున్నరకల్లా అయిపోతుంది. అది ఊరంతా చెప్పుకుంటుంది కూడా. యూజా పాకం సీసా ఒకటి పట్టుకెళ్లి అడిగాను. అది నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది. ఆ తర్వాత "తేజన్ వెళుతుందా? ప్రొఫెసర్ చూస్తాడా? అయితే పేరు నాదే రాయి" అంది. ఫారం నా పేరున వచ్చింది గనక నాదే రాశాను. దానికి చెప్పలేదు.

ఫారంలో రోజూ అన్నదీ, ఆరున్నర అన్నదీ దానివే. నాకు ఏ ప్రశ్నా అబద్ధంగా అనిపించలేదప్పుడు, ఎవరో ఒకరి నిజమేగా.

తిట్టు. కానీ ఒకటి చెప్పు. నాకేమీ లేదని నేను జావ తింటూ సంతోషించినంతసేపూ, అది ఉన్నది ఓక్‌బున్‌కేనా?

మల్సున్ అత్త

*

తేజన్, జనవరి 28

అత్తయ్యా,

తిట్టాలనే కూర్చున్నాను. ఒక మనిషి నమూనాను, ఆవిడ అనుమతి లేకుండా, ఇంకొకరి పేరు మీద లెక్కకట్టాం. ప్రొఫెసర్‌గారితో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "కొట్టేయి" అన్నారు. రెండు నెలల లెక్క కొట్టేశాను. మీ మీద కోపం నిజంగానే ఉంది.

అది పక్కన పెట్టి, మీ నవంబరు ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అప్పుడే నాకు తట్టాల్సింది. ఓక్‌బున్‌గారి అక్షరాలు నెలనెలా చిన్నవైపోతున్నాయని రాశారు. వాక్యం చివరికి ఇంకా చిన్నవని రాశారు. మాడు వాసన తెలియలేదని, చేతులు నిదానించాయని రాశారు. అత్తయ్యా, ఈ జబ్బు మొదట్లో రాత అలాగే చిన్నదవుతుంది. అది సాధనవల్ల వచ్చిన పొందిక కాకపోవచ్చు.

మా లెక్కను నమ్మకండి. కానీ ఇవన్నీ కలిపి చూస్తే డాక్టరు చూడాలి, ఆలస్యం చేయకుండా. సున్‌చన్ పెద్దాసుపత్రిలో ఫిబ్రవరి ఏడున సమయం తీసుకున్నాను, ఆవిడ పేరు మీదే. ఈ జబ్బుకు మందులున్నాయి. పూర్తిగా పోదు. కానీ త్వరగా పట్టుకుంటే చాలా ఏళ్లు తన పనులు తాను చేసుకోగలరు.

ఆవిడకు మీరే చెప్పాలి. నేను ఫోన్ చేస్తే ఎవరో పరాయి పిల్ల చెప్పినట్టుంటుంది. అన్నీ చెప్పండి, పేరు మార్చిన సంగతితో సహా.

మీ ఐదు రోజుల తాళం సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఎక్కువమందికి అది నీళ్లు తక్కువ తాగడంవల్లే.

కోపంగానే, ప్రేమతో,
హేవన్

*

గోహుంగ్, ఫిబ్రవరి 10

హేవన్‌కి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. రెండుసార్లు దానింటికి వెళ్లి, ఉప్పు అడిగి తెచ్చుకున్నాను. మూడోసారి వెళితే "ఉప్పుతో స్నానం చేస్తున్నావా" అంది. అప్పుడు చెప్పేశాను. ముందు పేరు సంగతి చెప్పాను. దానికి ఒళ్లు మండి, నా యూజా పాకం సీసా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సగం అయిపోయి ఉంది. అప్పుడు మిగతాది చెప్పాను. సీసా మళ్లీ తీసుకుంది. తీసుకుని మూత బిగిస్తూ కూర్చుంది, బిగిసిన మూతనే.

ఏడో తారీఖున పొద్దుటి బస్సుకు వెళ్లాం. డాక్టరమ్మ నీ వయసే ఉంటుంది. దాన్ని నడిపించింది. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం లేదు. యాభై ఏళ్లుగా పక్కన నడుస్తున్నాను, నేనెందుకు చూడలేదో నాకే తెలియదు. వేళ్లు తట్టించింది. ఒక వాక్యం రాయమంది. ఓక్‌బున్ వీపు నిటారుగా పెట్టి, బహుమతి వచ్చిన మనిషిలాగే రాసింది. డాక్టరమ్మ ఆ వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసింది. తర్వాత వివరంగా చెప్పింది. అదే జబ్బు, మొదటి దశలోనే ఉందట. మాత్రలు రాసింది, రోజూ నడవమంది, పెద్ద పెద్ద అక్షరాలు రాస్తూ ఉండమంది. మీ మూటల గురించి నేను అడిగాను. వాటి గురించి చదివానంది, ఇంకా చాలా తేలాలంది. నీ మాటే. నాకేమో రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు రాసింది. నీళ్లకు కూడా చీటీ ఇచ్చింది.

నా నమూనా, నా పేరుతో, వచ్చే వారం పంపుతాను. ఓక్‌బున్ కూడా పంపుతానంది, ఈసారి తన పేరుతో, తన సంతకంతో.

తిరుగు బస్సులో అది కిటికీ పక్క కూర్చుంది. మందుల చీటీ మడుస్తూ విప్పుతూ ఉంది. దానికి భయమేసి ఉంటుందనుకుని చెయ్యి పట్టుకున్నాను. అప్పుడంది, కిటికీలోకి చూస్తూనే, "అయితే మల్సున్, నాకు రాత బాగుపడింది కాదన్నమాట."

జబ్బని చెప్పినప్పుడు కూడా దాని ముఖం అలా పడిపోలేదు. డెబ్బయ్యయిదేళ్లకు మొదటిసారి ఒకళ్లు మెచ్చుకున్న చెయ్యి అది. హేవన్, నాకు ఏడుపొచ్చింది.

"చిన్నగా రాయించింది జబ్బు. రాసింది నువ్వే. బహుమతి ఇచ్చింది అక్షరాల సైజుకా? మీ ఆయన పడవకా?" అన్నాను.

"మరి రెండు నెలలుగా నువ్వొక్కదానివి బాగుందని అనలేదేం?"

"కుళ్లుకున్నానే."

"ఏమన్నావ్?"

"కుళ్లుకున్నాను. ఆ నాలుగు వరుసలూ నాకు కంఠతా వచ్చు. నేను రాయలేనని కుళ్లుకున్నాను."

"బస్సు చప్పుడులో వినబడలేదు, మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. దానికి చెవులు శుభ్రంగా పనిచేస్తాయి, డాక్టరమ్మ చూసి మరీ చెప్పింది. అయినా మూడోసారి చెప్పించింది. బస్సులో పదిమంది ఇటు తిరిగారు. డ్రైవరు అద్దంలో చూశాడు. నేను లేచి నిలబడి, ఆ నాలుగు వరుసలూ గట్టిగా, బస్సంతా వినేలా చదివి, రాసింది ఈవిడేనని వేలు పెట్టి చూపించాను. అది సిగ్గుతో కిటికీ తెరలోకి దూరిపోయింది. అక్కడినుంచే, "రెండో వరుసలో ఒక మాట వదిలేశావు, మొదటినుంచి చదువు" అంది.

మీ అత్త, మల్సున్